గుమాస్తాకి పరీక్ష

పాపాయికి నలభై దాటాయి. అయినా ఆ ఇంట్లో ఆమెని ఇంకో పేరుతో పిలవాలని ఎవరికీ తోచలేదు. అన్నయ్య పాపాయీ అంటాడు, వదిన పాపాయీ అంటుంది. ఎదురింటాయన ఆమెకంటే చిన్నవాడే, ఆయన కూడా "పాపాయిగారూ" అంటాడు. పాపాయి అనడం అభిమానం, గారు అనడం మర్యాద. రెండూ కలిపితే ఏమవుతుందో ఆయన ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు.

వెన్నులో గడ్డ తీశాక ఆమె కాళ్లు మాట వినడం మానేశాయి. అప్పట్నుంచీ చక్రాల కుర్చీ, అన్నయ్య ఫ్లాటు, అందులో వంటింటి పక్క గది. బడిపిల్లల గైడు పుస్తకాలకి ప్రూఫులు దిద్దుతుంది. పాఠం చదవకుండా పాసవడానికి పనికొచ్చే పుస్తకాలు అవి. పిల్లలెలాగూ చదవరు కాబట్టి ఎవరో ఒకరు చదవాలని ఆమె చదువుతుంది.

కాళ్లు పోయినందుకు అందరూ జాలిపడతారు. కిందపడే వస్తువుల గురించి ఎవరికీ జాలి లేదు. ఎర్ర పెన్ను చేతిలోంచి జారి, దొర్లుకుంటూ మంచం కిందకి పోతుంది. వదిన బజారునుంచి వచ్చేదాకా ఆమె పెన్ను వంక చూస్తుంది, పెన్ను ఆమె వంక చూస్తుంది. వదిన వచ్చాక, "కాస్త ఆ పెన్ను ఇస్తావా వదినా" అని అడగాలి. ఆ ఇంట్లో ఎవరూ కాదనరు. అక్కడే వచ్చింది చిక్కు. కాదంటే దెబ్బలాడొచ్చు. వదిన "అయ్యో, దానికేం భాగ్యం" అంటుంది, వంగుతుంది, వంగుతూ "అబ్బా" అంటుంది. ఆ "అబ్బా" చాలా చిన్నది. పాపాయికి పొద్దుటినుంచి రాత్రిదాకా అదే వినబడుతూ ఉంటుంది.

అందుకే, ఊరి చివర ఎక్కడో కాళ్లు లేనివాళ్లకి సాయం చేసే కుక్కల్ని తయారుచేసే సెంటరు ఉందని తెలిసినప్పుడు, ఎవరితోనూ చెప్పకుండా తన పేరు రాయించుకుంది. చాలాకాలం ఎదురుచూశాక ఒకరోజు ట్రైనరమ్మ కుక్కని వెంటబెట్టుకుని వచ్చింది. గోధుమరంగు ఒళ్లు, వేలాడే చెవులు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి మొహం. సెంటర్లో దానికేదో పేరు పెట్టారు గానీ, నోట్లో కాగితాలు కరుచుకుని అది నడిచే తీరు చూసి అన్నయ్య "ఇది మా ఆఫీసు గుమాస్తాలా ఉందే" అన్నాడు. అంతే, అది గుమాస్తా అయిపోయింది. కుక్క పాపాయిది, పేరు అన్నయ్య పెట్టాడు. అప్పుడది పెద్ద విషయంగా కనబడలేదు.

ట్రైనరమ్మ పొట్టి మనిషి, మాట పొడుగు. వారంపాటు రోజూ వచ్చి నేర్పింది. మొదటిరోజే ఇంటిల్లిపాదినీ హాల్లో కూర్చోబెట్టి చెప్పింది.

"చూడండి. దీనికి తిండి, మాట, ముద్దు, మెచ్చుకోలు అన్నీ ఈవిడ చేతిమీదే జరగాలి. మీరంతా దీనికి ఫర్నిచరు. సోఫా కుక్కని పిలుస్తుందా? బీరువా బిస్కెట్టు పెడుతుందా? మీరూ అంతే. నలుగురు యజమానులు ఉన్నారంటే దానికి యజమాని లేనట్టే. అర్థమైందా సార్?"

అన్నయ్య మాట మాటకీ తల ఊపాడు. ఆయన ఒక ఆఫీసులో సెక్షన్ హెడ్డు. ఆయన తల ఊపిన ప్రతిసారీ ఒప్పుకున్నట్టు కాదని ఆయన కింద పనిచేసేవాళ్లందరికీ తెలుసు. ట్రైనరమ్మ కొత్త.

మొదటి రోజులు మాత్రం పండగే. పెన్ను పడేది. "తే" అనేది పాపాయి. పెన్ను వచ్చేది, కాస్త తడిగా, "అబ్బా" లేకుండా. ఆమె ఒకసారి కావాలనే పడేసింది. మళ్లీ పడేసింది. గుమాస్తా విసుక్కోలేదు, ఈవిడకి చేతులు కూడా పోయాయేమో అన్నట్టు ఒక్కసారి చూసి మళ్లీ తెచ్చింది. ఫోను తెచ్చేది. లైటు స్విచ్చి మూతితో నొక్కేది. తలుపుకి కట్టిన తాడు లాగి తెరిచేది. ఒక మధ్యాహ్నం లిఫ్టులో దిగి, పార్కింగు వాలు మీదుగా ఇద్దరూ వీధి మలుపుదాకా వెళ్లారు. స్టేషనరీ కొట్లో పాపాయి ఒక రబ్బరు కొంది. పెన్నుతో రాసేవాళ్లకి రబ్బరెందుకని కొట్టువాడు అడగలేదు. ఇంటికొచ్చాక ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవర్నీ అడిగి వెళ్లలేదు కాబట్టి, వచ్చి చెప్పాల్సిన పనీ లేకపోయింది. ఆ రాత్రి ఆమెకి చాలా బాగా నిద్రపట్టింది.

వ్యవహారం చెడింది న్యూస్‌పేపరు దగ్గర.

"ఒక్క పేపరు," అన్నాడు అన్నయ్య. "గుమ్మంలోది సోఫా దగ్గరికి. దానికేమైనా అరిగిపోతుందా, తరిగిపోతుందా?"

పేపరు తర్వాత చెప్పులు వచ్చాయి. చెప్పుల తర్వాత టీవీ రిమోటు. రిమోటు చూసి వదినకి వాషింగ్ మెషీను గుర్తొచ్చింది. గుమాస్తా నడుం వంచకుండానే బట్టలు లాగి బుట్టలో వేస్తుంది. అది చూశాక వదిన వంగడం పూర్తిగా మానేసింది. పాపాయి దానికి పెట్టేది సెంటరు వాళ్లిచ్చిన ఎండు గుళికలు. వదిన పెట్టేది క్రీము బిస్కెట్లు. ఏ గుమాస్తా అయినా ఏ టేబులు చుట్టూ తిరుగుతాడో వేరే చెప్పాలా?

ఇక చుట్టాలు. ఇదివరకు చుట్టాలొస్తే అల్మరాలో గాజుగ్లాసులు చూపించేవాళ్లు. ఇప్పుడు గుమాస్తాని చూపిస్తున్నారు. "ఏదీ నాన్నా, ఫ్రిజ్ తెరువు! అంకుల్‌కి నీళ్లు తే!" అది ఫ్రిజ్ తెరిచి సీసా తెస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు. ఎదురింటాయన వీడియో తీసుకుని వెళ్తాడు. వాళ్లావిడ నమ్మలేదని మర్నాడు మళ్లీ వస్తాడు.

"అన్నయ్యా, ట్రైనరమ్మ చెప్పింది కదా..." అని పాపాయి ఒకరోజు మొదలుపెట్టింది.

"చెప్పింది. నేను కాదన్నానా? నేను దాన్ని పిలవట్లేదు పాపాయీ. అదే వస్తోంది. మనింటికి వచ్చినవాణ్ని పొమ్మంటామా?"

"నీకు పని లేనప్పుడేగా దాన్ని వాడుకునేది," అంది వదిన. "నా మోకాళ్ల సంగతి నీకు తెలియంది కాదు. నాకంటూ కుక్కనెవరిస్తారు?"

దానికి సమాధానం ఉంది. కానీ పాపాయి స్నానానికి వేణ్ణీళ్లు పెట్టేది వదినే, ఆమె దుప్పట్లు మార్చేదీ వదినే. అన్నం పెట్టే చేతిని నువ్వు కుక్కని ముట్టుకోవద్దని ఎలా అంటాం? కోప్పడి లోపలికి వెళ్లిపోదామన్నా, ఆ గదిలో మంచానికీ బల్లకీ మధ్య కుర్చీ తిరగదు. రివర్సులో పోవాలి. గోడ తగలకుండా వెనక్కి చూసుకుంటూ, మెల్లగా రివర్సులో పోయే మనిషి కోపాన్ని ఎవరూ లక్ష్యపెట్టరు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం అన్నయ్య ఆఫీసులో ఉన్నాడు. వదిన ఎవరింటికో గృహప్రవేశానికని వెళ్లింది. పాపాయి బాత్రూములో గోడకున్న కడ్డీ పట్టుకుని కుర్చీలోంచి పక్కకి జరుగుతోంది. చెయ్యి తడిగా ఉంది. జారింది.

దెబ్బ పెద్దగా తగల్లేదు. తుంటి కింద చల్లటి గచ్చు. తల పక్కన బకెట్టు. కుర్చీ అందనంత దూరం కాదు గానీ, ఎక్కలేనంత ఎత్తు. ఫోను గదిలో మంచం మీద ఉంది.

"గుమాస్తా! ఫోన్ తే!"

ఎక్కడో సోఫా మీంచి దిగిన చప్పుడు. గోళ్ల టకటకలు దగ్గరికి రాలేదు, గుమ్మం వైపు వెళ్లాయి. తర్వాత ఇటు వచ్చాయి. గుమాస్తా నోట్లో అన్నయ్య చెప్పు ఉంది. దాన్ని ఆమె తల పక్కన పెట్టింది.

"ఇది కాదురా. ఫోను. ఫోన్ తే!"

అది వెళ్లి రెండో చెప్పు తెచ్చింది. రెంటినీ జతగా, పక్కపక్కన పెట్టింది. అలా సరిగ్గా పెట్టడం అన్నయ్య ప్రత్యేకంగా నేర్పించాడు. పెట్టి, తోక ఊపుతూ కూర్చుంది. క్రీము బిస్కెట్టు కోసం.

పాపాయికి నవ్వొచ్చింది. నవ్వితే తుంటి నొప్పెట్టింది. కుళాయి ఒక్కో చుక్కా వదులుతోంది. బిస్కెట్టు రాదని తెలిశాక గుమాస్తా లేచి, మర్యాదగా సోఫా దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె అన్నయ్య చెప్పుల్ని చూస్తూ పడుకుంది. ఎడమది మడమ దగ్గర అరిగింది. మనిషి కాస్త పక్కకి ఒరిగి నడుస్తాడని ఇన్నేళ్లలో ఎప్పుడూ గమనించలేదు. గమనించడానికి ఇంత తీరిక ఎప్పుడూ దొరకలేదు.

వదిన వచ్చేసరికి ఎండ గోడ దిగిపోయింది. "అయ్యయ్యో, అయ్యయ్యో!" అని వాచ్‌మన్‌నీ, వాళ్లావిణ్నీ, ఎదురింటాయన్నీ పిలిచింది. ఆ మధ్యాహ్నం పాపాయి ఎలా పడిందో చీకటిపడేసరికి ఆ మెట్ల మీద ఎక్కీదిగే ప్రతివాళ్లకీ తెలుసు.

అన్నయ్య వచ్చాక తీర్పు చెప్పాడు. "ఇక బాత్రూం గడియ తీసేస్తున్నా. ఇంట్లో మేమెవరం లేనప్పుడు నువ్వు అటు వెళ్లకు."

"అంటే ఎలా అన్నయ్యా?"

ఆ చిక్కు ఆయనకి తట్టలేదు. వదిన వంక చూశాడు.

"కాస్త ఆపుకుంటుంది లెండి," అంది వదిన జాలిగా.

మర్నాడు సెంటరునుంచి ఫోనొచ్చింది. ట్రైనరమ్మ ఈ వారంలోనే వస్తోంది. కుక్క ఎలా పనిచేస్తోందో చూస్తుంది. ఈవిడకి పనికిరావట్లేదని తేలితే వెనక్కి తీసుకెళ్తుంది. క్యూలో చాలామంది ఉన్నారు.

పాపాయికి గుండె జారింది. మిగతావాళ్లకి పరువు జారింది.

"ఫెయిలవడమా! మనింట్లో ఇంతవరకూ ఎవరూ ఫెయిలవలేదు," అన్నాడు అన్నయ్య.

"మీ తమ్ముడు?" అంది వదిన.

"వాడు ఫెయిలవలేదు, పరీక్షకి వెళ్లలేదు. తేడా ఉంది." ఆయన లేచి నిలబడ్డాడు. "రేపట్నుంచి లీవు పెడతాను. దీన్ని నాకొదిలెయ్యండి."

ఇక ఆ ఇల్లు పదో తరగతి పిల్లాడున్న ఇల్లయింది. తెల్లారకుండా గుమాస్తాని లేపేవాడు అన్నయ్య. టీవీ బంద్. చుట్టాలు బంద్. వదిన బిస్కెట్లు జేబులో వేసుకుని పక్కన నిలబడేది. పాపాయి పడేసినప్పుడు తేవాలి. సరే, కానీ అది పాపాయి మాట వినట్లేదు. దానికి అన్నయ్య ఉపాయం కనిపెట్టాడు. ఆయన ముక్కు ముట్టుకుంటే పెన్ను తేవాలి. కళ్లజోడు తీస్తే ఫోను తేవాలి. దగ్గితే వీధి తలుపు తెరవాలి. గుమాస్తా చురుకైంది. ముక్కు, కళ్లజోడు, దగ్గు ఒక్కపూటలో నేర్చేసుకుంది. అన్నయ్య చిన్నప్పుడు ఇలాగే ఒక పరీక్ష పాసయ్యాడని పాపాయికి లీలగా గుర్తు. అప్పట్లో కిటికీ బయట నిలబడి ముక్కు ముట్టుకున్నది నాన్న.

"మరి నేనేం చెయ్యాలి?" అంది గుమ్మంలోంచి.

"నువ్వు మామూలుగా ఉండు," అన్నాడు అన్నయ్య చెమట తుడుచుకుంటూ. "నువ్వు తే అను. ఊరికే నోరు కదిపినా చాలు. మిగతాదంతా మేం చూసుకుంటాం."

పాపాయి రివర్సులో గదిలోకి వెళ్లింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెప్తే గుమాస్తా పోతుంది. మళ్లీ మంచం కింద పెన్ను, మళ్లీ "అబ్బా", మళ్లీ ఆపుకోవడం. చెప్పకపోతే గుమాస్తా ఉంటుంది. తన కళ్లముందే, రోజూ అన్నయ్య చెప్పులు జతగా పెడుతూ. పైగా వచ్చేవాళ్లంతా, "నీకేమ్మా, నీకోసం కుక్కని కూడా పెట్టారు" అంటూ ఉంటారు. ఆ మాటకి అవునండీ అంటూ ముసలిదైపోవాలి. అదంతా తలుచుకుంటే గదిలో గాలి చాల్లేదు. కిటికీ తెరవాలంటే ఎవరినో పిలవాలి. పిలవలేదు.

ట్రైనరమ్మ వచ్చి హాల్లో సోఫాలో కూర్చుంది. అన్నయ్య ఆవిడ వెనక పుస్తకాల అల్మరా దగ్గర నిలబడి దుమ్ము దులపడం మొదలెట్టాడు. పెళ్లయినప్పట్నుంచీ ఆయన చేతిలో దులుపుగుడ్డ చూడని వదిన, ఆ దృశ్యానికి ఒక్క క్షణం పరీక్ష సంగతే మర్చిపోయింది.

"మొదలుపెడదామా?" అంది ట్రైనరమ్మ. "పెన్ను పడెయ్యండి."

పాపాయి పడేసింది. "తే," అంది.

గుమాస్తా అల్మరా వైపు చూసింది. అన్నయ్యకి ముక్కు దురద పుట్టింది. గుమాస్తా పెన్ను తెచ్చి పాపాయి ఒళ్లో పెట్టింది.

"ఫోను?"

కళ్లజోడు మసకబారింది, అన్నయ్య తీసి తుడుచుకున్నాడు. ఫోనొచ్చింది.

"బాగుంది," అంది ట్రైనరమ్మ. "చాలా చక్కగా చేస్తోంది."

మెప్పు వినగానే అన్నయ్య ఛాతీ పొంగింది. పొంగిన ఛాతీలోకి అల్మరా దుమ్ము పోయింది. దగ్గాడు.

గుమాస్తా వెళ్లి తాడు లాగి వీధి తలుపు తెరిచింది. తలుపుకి చెవి ఆనించి నిలబడ్డ ఎదురింటాయన చెవితో సహా లోపలికి వచ్చి పడ్డాడు.

"పెరుగు... తోడుకి కొంచెం పెరుగు ఉందేమోనని," అన్నాడాయన లేస్తూ. చేతిలో గిన్నె లేదు.

ట్రైనరమ్మ కుక్కని చూసింది. వెనక్కి తిరిగి అన్నయ్యని చూసింది. "మీకు దగ్గుందా సార్?"

"లేదండీ. అంటే... ఉంది. పాతదే."

"ఇంకోసారి దగ్గండి."

"ఇప్పుడు రావట్లేదండీ."

ట్రైనరమ్మ పాపాయి వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఇది మీ మాట వింటోందా?"

వదిన చూపులు ఆమెని బతిమాలుతున్నాయి. అన్నయ్య ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు, తర్వాత నిలువుగా ఊపాడు. ఏ ఊపు ఏ సమాధానానికో ఆయనకే తెలిసినట్టు లేదు.

"అన్నయ్యా," అంది పాపాయి. "మీరంతా కాస్త బయటికి వెళ్తారా?"

"బయటికా? ఎవరు?"

"నువ్వూ, వదినా. ఆయన కూడా."

"నా ఇంట్లోంచి నన్నా?"

"కాసేపు అన్నయ్యా. గుమ్మం బయట."

సొంత ఫ్లాటు ముందు, చెప్పులు లేకుండా, ఎదురింటాయన పక్కన అన్నయ్య నిలబడ్డాడు. తలుపు మూసుకుంది. పాపాయి ఒళ్లో పెన్ను తీసి పడేసింది.

"తే."

గుమాస్తా ఆమెని చూడలేదు. మూసిన తలుపు దగ్గరికి వెళ్లి, దానికెదురుగా కూర్చుంది. సందులోంచి అన్నయ్య వాసన వస్తున్నట్టుంది, ముక్కు అక్కడే పెట్టింది. తోక నేలమీద ఒకసారి కొట్టింది.

పాపాయి రెండోసారి పిలవలేదు. "మొన్న బాత్రూములో పడ్డానండీ," అంది. "ఫోను అడిగితే అన్నయ్య చెప్పులు తెచ్చింది. రెండూ తెచ్చింది, పాపం." ఇక మొదలుపెట్టాక పేపరు, రిమోటు, వాషింగ్ మెషీను, ఫ్రిజ్, ముక్కు, కళ్లజోడు అన్నీ చెప్పేసింది. సొంతవాళ్ల మీద చాడీలు చెప్తున్నట్టు మొహం కాలిపోతోంది, గొంతు మాత్రం ఆగట్లేదు.

ట్రైనరమ్మ కోప్పడలేదు. "దీని తప్పు లేదు. ఎవరు జీతమిస్తే వాళ్ల పని చేస్తోంది. నేను తీసుకెళ్లక తప్పదు. మళ్లీ మొదటినుంచీ నేర్పాలి. నేర్పి ఇక్కడికే పంపితే మళ్లీ ఇదే అవుతుంది. అవునా, కాదా?"

పాపాయి తలుపు వంక చూసింది. తలుపవతల అన్నయ్య, "అది ఇవాళ మూడ్‌లో లేదండీ, నిన్న ఎంత బాగా చేసిందనుకున్నారు" అని ఎదురింటాయనకి చెప్తున్నాడు.

"అవుతుంది," అంది.

"ఒక దారుంది. మీరూ రండి. సెంటర్లో గదులున్నాయి, చూసుకునే ఆడవాళ్లున్నారు. కొన్ని వారాలు అది మిమ్మల్ని తప్ప ఇంకో మనిషిని చూడదు. ఈ ఇంట్లో ఎవరికి ఏం చెప్పాలో, ఎలా వద్దనాలో మీరూ నేర్చుకుంటారు. కొత్త బ్యాచి రేపే మొదలు. ఇవాళ నాతో వస్తే సరి. లేకపోతే కుక్క క్యూలో తర్వాతివాళ్లకి వెళ్తుంది."

"హాస్టలా!" అంది తలుపు. తర్వాత తెరుచుకుంది. అన్నయ్య మొహం ఎర్రగా ఉంది. "మా చెల్లెల్ని హాస్టల్లో పడేశామంటారు నలుగురూ. అయినా కుక్క ఫెయిలైతే బడికి నువ్వెళ్లడమేంటి పాపాయీ?"

"అక్కడ నీకు తల దువ్వేదెవరు?" అంది వదిన. ఆమె కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

"నా చేతులు బాగానే ఉన్నాయి వదినా."

"అదే, ఉన్నాయనుకో. నాకు అలవాటు."

"వచ్చే వారం చూద్దాం," అన్నాడు అన్నయ్య మెత్తబడి. "నేనే బండి మాట్లాడతాను. నేనే దింపుతాను. వచ్చే వారం."

వచ్చే వారం అంటే ఏమిటో పాపాయికి తెలుసు. బాత్రూములో రెండో కడ్డీ, గది తలుపు వెడల్పు చెయ్యడం, మంచం అటు జరపడం, అన్నీ వచ్చే వారంలోనే ఉన్నాయి. ఆ ఇంట్లో వచ్చే వారం పెద్ద గోడౌను. పైగా, వారంపాటు వీళ్లు ఇలా కళ్లనీళ్లు పెట్టుకుంటూ ఉంటే తను "పోనీలే" అనేస్తుంది. ఆ "పోనీలే" ఇప్పటికే నాలిక చివర ఉంది.

"వదినా, ఆ నీలం సంచీలో నా బట్టలు కొన్ని పడేస్తావా?" అంది, అది బయటికి రాకముందే.

వదిన "అయ్యో, దానికేం భాగ్యం" అనలేదు. కానీ వెళ్లి సర్దింది. చీరల మధ్య క్రీము బిస్కెట్ల ప్యాకెట్టు ఒకటి దాచింది. కుక్కకో పాపాయికో చెప్పలేదు.

పార్కింగులో సెంటరు వాళ్లు కుక్కల్ని తిప్పే వ్యాను నిలబడి ఉంది. వెనక కుక్క ఎక్కడానికి చెక్క పలక వాల్చి ఉంది. "ఎక్కు" అంది పాపాయి. గుమాస్తా అన్నయ్య మొహంలోకి చూసింది. అన్నయ్య నోరు తెరిచాడు. ట్రైనరమ్మ ఆయన్ని చూసింది. నోరు మూసేసుకుని, గోడకి తిరిగి, అసోసియేషను వాళ్లంటించిన నీళ్ల ట్యాంకు నోటీసుని మొదటిసారి శ్రద్ధగా చదవడం మొదలెట్టాడు. పాపాయి ఇంకోసారి "ఎక్కు" అంది. గుమాస్తా ఎక్కింది. ఆమె మాట విందో, లోపల సెంటరు తిండి వాసన పట్టిందో తెలియదు.

మిగిలింది ఆమె. వ్యాను ఎత్తుగా ఉంది. కుక్కకైతే పలక వాల్చారు గానీ, కుర్చీ ఆ పలక మీద పట్టదు. ముందు సీటు పాపాయి భుజాల ఎత్తున ఉంది.

"నేను కాళ్లు పట్టుకుంటాను, మీరు..." అంది ట్రైనరమ్మ.

"మీవల్ల కాదండీ. ఎలా ఎత్తాలో తెలియాలి," అన్నాడు అన్నయ్య నోటీసు దగ్గర్నుంచే.

పాపాయి కుర్చీకి బ్రేకు వేసుకుంది. ఈ మనిషి సాయం లేకుండా బతకడం నేర్చుకోవడానికి వెళ్లాలంటే ఈ మనిషే ఎత్తాలి. ఇంకెవర్నైనా అడగొచ్చా అని చుట్టూ చూసింది. ఎదురింటాయన వీడియో తీస్తున్నాడు.

"అన్నయ్యా, నన్ను కాస్త ఎక్కిస్తావా?"

ఆయన వచ్చాడు. వంగాడు. ఒక చెయ్యి మోకాళ్ల కింద, ఒక చెయ్యి వీపు వెనక. ఈ పని ఆయనకి బాగా వచ్చు, అది ఎవరైనా ఒప్పుకోవాలి. ఆసుపత్రిలో జీతం తీసుకునేవాళ్లు కూడా నొప్పెట్టించారు గానీ ఆయనెప్పుడూ నొప్పెట్టించలేదు. చీర చెదరకుండా, ఆమె మొహం వంక చూడకుండా, ఒక్క ఊపున ఎత్తాడు.

ఎత్తి, కుర్చీకీ వ్యానుకీ మధ్య ఆగిపోయాడు.

"ఇంకోసారి ఆలోచించుకో పాపాయీ."

"ఇక్కడా?"

"ఎక్కడైతే ఏం? వాళ్లు నిన్ను ఎలా ఎత్తుతారో ఏంటో. పడేస్తే? ఇలా అయ్యాక నేను లేకుండా ఎక్కడైనా ఉన్నావా ఎప్పుడైనా?"

ఆయన చెవి ఆమె మొహానికి దగ్గరగా ఉంది. చెవిలో వెంట్రుకలు నెరిశాయి. గొంతులో సెక్షన్ హెడ్డు లేడు. దించమంటే కుర్చీలో దించుతాడు. ఎక్కించమంటే, బహుశా, ఎక్కించడు. ఆమె గాల్లో ఉంది. కాళ్లు రెండూ ఎవరివో అన్నట్టు ఆయన మోచేతి మీంచి వేలాడుతున్నాయి.

"అన్నయ్యా, నీ నడుము," అంది.

"నా నడుముకేం కాలేదు," అన్నాడు. చేతులు వణకడం మొదలెట్టాయి.

"ఏవండీ! పట్టేస్తుంది! ఎక్కడో ఒక చోట దింపండి!" అని వదిన అరిచింది.

కుర్చీలో దింపాలంటే వెనక్కి తిరగాలి, వంగాలి. సీటు ఎదురుగానే ఉంది. పాపాయి చెయ్యి చాచి వ్యాను తలుపు పైనున్న పిడి పట్టుకుంది. గట్టిగా లాక్కుంది. ఆయన చేతుల మీద బరువు తగ్గింది.

"ఏం చేస్తున్నావ్?"

"పట్టుకున్నా. తొయ్యి."

ఆయన కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత "ఆఁ" అని మూలుగుతూ తోశాడు. ఆమె సీట్లో పడింది, వంకరగా, ఒక కాలు బయటే ఉండిపోయింది. ఆ కాలుని ఆయనే తీసి లోపల పెట్టాడు. పెట్టి, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, రెండో చేత్తో తలుపు అంచు పట్టుకుని, రాత్రిళ్లు ఏ పక్కకి తిప్పి పడుకోబెట్టాలో, దిండు ఎంత ఎత్తుండాలో ట్రైనరమ్మకి చెప్పడం మొదలెట్టాడు. ట్రైనరమ్మ వింటూనే కుర్చీ మడిచి సంచీతో పాటు వెనక పెట్టింది, వచ్చి కూర్చుని తాళంచెవి తిప్పింది. ఆయన ఇంకా దిండు దగ్గరే ఉన్నాడు.

పాపాయి తలుపు పిడి అందుకుంది.

"తలుపు వేస్తున్నా. వేళ్లు తియ్యి అన్నయ్యా," అంది.

కాస్త ఆలస్యంగా తీశాడు.